పడమటి గోడకు సున్నం

మా తోట ఇంటిని చూడ్డానికి వచ్చిన బెంగళూరు దంపతులు, తెచ్చిన టీ కూడా తాగకుండా కారెక్కి వెళ్ళిపోయిన రోజున నాకు కోపం నషాళానికెక్కింది. వాళ్ళ మీద కాదు, మా పడమటి గోడ మీద.

బుక్కరాయసముద్రం దాటాక ఒక రాళ్ళగుట్ట కింద మా నాయన మోజుపడి కట్టించుకున్న ఇల్లు అది. ఊళ్ళో అంత పెద్ద ఇల్లుండగా మళ్ళీ ఇదెందుకంటే, తీరిక దొరికినప్పుడు నాలుగు రోజులు చల్లగా కూర్చోవడానికట. మిద్దె ఎక్కితే చెరువు కనిపిస్తుంది. వాన పడిన ఏడు నీళ్ళు, పడని ఏడు పగుళ్ళు. దాన్ని గెస్టుహౌసు అని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. తొంభైల చివర్లో మాకూ పక్క ఊరి ఆసామికీ ఫ్యాక్షన్ ముదిరాక గెస్టులు రావడం మానుకున్నారు. తూర్పు కిటికీలు ఇటుకలు పెట్టి మూసేశాం. ప్రహరీ మీద సీసాపెంకులు నాటించాం. గేటుకు ఇనుపరేకు కొట్టించాం.

ఏం లాభం? ఒక పొద్దున నాయన పడమటి వరండాలో నీడన కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటే, ప్రహరీ మీద గోనెసంచులు పరిచి దూకి నాటుబాంబులు విసిరారు. నేను లోపల స్నానం చేస్తున్నాను. తడిబట్టలతో పరిగెత్తుకొచ్చేసరికి నాయనకు ఎడమ చెయ్యి లేదు. పొట్ట మీద పేపరు తడిసి అతుక్కుపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూడలేదు. ఆయన ఒంట్లోకి దిగినన్ని మేకులు, గాజుపెంకులు వెనకనున్న గోడలోకీ దిగాయి. పూత రాలిపోయి ఇటుకలు బయటపడ్డాయి.

పెద్దకర్మ నాడు బంధువులందరి ముందూ మా అన్న ఆ గోడ మీద చెయ్యి పెట్టాడు. "వాణ్ని పడేసినాకే ఈ గోడకు సున్నం. అంతదంకా ఎవురూ దీన్ని ముట్టగూడదు" అన్నాడు. మా వైపు ఇలాంటి ఒట్లు కొత్త కాదు. పగ తీరేదాకా గడ్డం గీసుకోని వాళ్ళున్నారు, చెప్పులు తొడగని వాళ్ళున్నారు. మా అన్నకు గోడ. ఈ సంగతి చుట్టుపక్కల ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రతి ఉగాదికీ ఆ ఇల్లంతా సున్నం కొట్టించేవాళ్ళం, ఆ ఒక్క గోడ తప్ప.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. అవతలి ఆసామికి చక్కెర జబ్బు వచ్చి ఒక కాలు ఈడ్చుకుంటూ తిరిగేవాడు. మా అన్న చుట్టూ తిరిగే మనుషులు తగ్గారు. ఇంతలో బెంగళూరు వాళ్ళకు ఇటువైపు తోటల పిచ్చి పట్టింది. మా వదిన పట్టుబట్టింది. "ఆ ఇల్లు అమ్మేద్దాం. ఆ దుడ్లతో బెంగళూరులో ఏందో ఒక యాపారం పెట్టుకుందాం. ఈయన ఈన్నే ఉంటే ఒకనాడు నాకు శవాన్ని తెచ్చి పడేస్తారు" అని ఏడ్చింది. రోజూ అన్న ఇంటికి వచ్చేదాకా ఆమె అన్నం ముట్టదు. జీపు చప్పుడు వినిపిస్తేనే విస్తరి వేసుకుంటుంది. మా అన్న సరేననలేదు, వద్దనీ అనలేదు. "చూడు, ఎంతకొస్తాదో" అని నాతో అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

నాకు అనంతపురంలో రంగుల దుకాణం ఉండేది. ఇల్లు ముస్తాబు చేయడంలో నన్ను మించినోడు జిల్లాలో లేడని నా పొగరు. తూర్పు కిటికీల్లో ఇటుకలు పీకించి పెద్ద అద్దాలు పెట్టించాను. ప్రహరీ మీది సీసాపెంకులు సుత్తితో కొట్టించాను. గేటు రేకు తీయించి పూలకడ్డీల గేటు పెట్టాను. లోపల తాడిపత్రి బండలు పరిపించి, వరండాలో ఊయల వేలాడదీసి, కాగితంపూల తీగ పాకించాను. బోరు ఎండిపోతే ట్యాంకరు తెప్పించి తొట్టి నింపాను. చూసి నాకే ముద్దొచ్చింది.

అంతా చేశాక వచ్చిన మొదటి గిరాకీ ఆ బెంగళూరు దంపతులు. ఆమె ఊయల ఊగింది, మిద్దెక్కి చెరువు చూసింది, మురిసిపోయింది. దిగివచ్చి పడమటి గోడ బొక్కలో వేలు పెట్టి "ఇదేమి?" అంది. నేను నోరు తెరిచేలోపల మా కాపలా ముసలాయన "మా పెద్దాయన్ను ఈన్నే ఏసినారమ్మా. బాంబులు" అని వివరంగా చెప్పేశాడు. ఆమె వేలు వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకుంది. అంతే, కారు కదిలింది.

నాకున్న జబ్బేమంటే, పని ఒక్కచోట ఆగిందంటే నా కళ్ళకు ఇంకేమీ కనపడదు. వారం తిరక్కముందే అన్న తన కూతురి కాలేజీ పని మీద నాలుగు రోజులు బళ్ళారి వెళ్ళాడు. నేను వదిన దగ్గరికి పోయి, గోడకు పూత వేయిస్తానన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "ఆయన్ను ఒక మాట అడగప్పా" అంది. "అడిగితే ఒద్దంటాడు. ఇల్లు అమ్ముడుపోవాల్నా వద్దా? అన్న బతకాల్నా వద్దా?" అన్నాను. ఆ మాటతో ఆమె నోరు మూయించాను. ఆ మాట వాడుకున్నందుకు నా నాలుక తెగ్గోసుకోవాలి.

మేస్త్రీ మా పాత మనిషే. గోడ ముందు నిలబడి తాపీ కింద పెట్టాడు. "అన్నా, పని అయిపోయిందా?" అని మెల్లగా అడిగాడు.

"ఏం పని? నీ పని నువ్వు చెయ్" అని కసిరాను. ఆయన అడిగింది నాకు అర్థం కాకపోలేదు. అర్థమైంది, కానట్టు నటించాను. మేకులన్నీ పటకారుతో పీకించి, సిమెంటు పూసి, నున్నగా రుద్దించి, లేత పసుపు రంగు కొట్టించాను. గోడ పెళ్ళిపందిట్లో గోడలా అయింది.

అన్న వచ్చి చూశాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. గోడను అరచేత్తో తడిమాడు. "ఎవురు చెప్పినారు?" అన్నాడు. నేనే అన్నాను. చెంప మీద ఒక్కటి పడింది. పన్ను కదిలి నోట్లో రక్తం వచ్చింది. నేను కింద కూర్చుండిపోతే ఆయన నా పక్కనే కూర్చుని, "ఎంత పని చేసినావురా" అన్నాడు. కొట్టినవాడి గొంతు కాదది, భయపడినవాడి గొంతు. ఎప్పుడూ వినని గొంతు.

మర్నాడు అన్న బస్టాండు హోటల్లోకి అడుగుపెడితే, గోడ సంగతి విన్న నలుగురు లేచి నిలబడి దండం పెట్టారట. "ఎప్పుడైందన్నా? మాకు తెల్దే!" అన్నారట. కాలేదని తెలిశాక నవ్వులు మొదలయ్యాయి. "దుడ్లకు నాయన్ను అమ్ముకున్నాడప్పా" అన్న మాట సంత దాకా పోయింది. మూడో రోజు అవతలి ఆసామి మనిషి ఒకడు మా గుమ్మం ముందు సున్నం మూట దించి, "మిగిలిన గోడలకు గూడా కొట్టుకోమన్నాడు మా అయ్య" అని చెప్పి పోయాడు.

వదిన నా కాళ్ళు పట్టుకుంది. "ఆ పూత పగలగొట్టప్పా, మళ్ళా ఎట్లుండేదో అట్లే చెయ్" అంది. నేను గడ్డపార తీసుకుని తోటకు పరిగెత్తాను. నాలుగు పోట్లు వేశానో లేదో అన్న వచ్చి గడ్డపార లాక్కున్నాడు. "గీకితే ఇంకా నవ్వుతారు. అయిపోయింది, ఇడ్సిపెట్టు" అన్నాడు. ఆయన కళ్ళలోకి చూస్తే అప్పుడు తెలిసింది నాకు. ఈ ఏడెనిమిదేళ్ళూ ఆ పాడుబడ్డ గోడే మా అన్నను కాపాడింది. అది అలా ఉన్నంత కాలం పగ ఉన్నట్టే, పరువు ఉన్నట్టే, ఎవరూ ఇంకెప్పుడని అడగరు. చంపాల్సిన పని రేపు, ఎల్లుండి, వచ్చే ఏడు అంటూ జరిగిపోతుంది. ఆయనకు చంపాలని లేదు. ఆ సంగతి గోడకు తప్ప ఎవరికీ తెలీదు. నేను దాన్ని నున్నగా పూసి పెట్టాను.

తెల్లారి జీపు లేదు. పడగ్గదిలో మంచం కింద ఉండే వేటకొడవలి లేదు. వదిన గుండెలు బాదుకుంటుంటే మోటారుసైకిలు తీశాను. పక్క ఊరి సెంటర్లో మంగలి అంగడి ముందు జనం గోడలకు అతుక్కుని నిలబడి ఉన్నారు. అవతలి ఆసామి సగం గడ్డానికి సబ్బుతో, మెడలో తెల్లగుడ్డతో, ఆ ఈడ్చేకాలితో రోడ్డు మీదికి పాకుతున్నాడు. మా అన్న ఆయన వెనక నడుస్తున్నాడు. పరిగెత్తడం లేదు, నడుస్తున్నాడు. "అన్నా వద్దు!" అని అరిచాను. ఆసామి నా వైపు చెయ్యి చాచాడు. మొదటి వేటు ఆ చేతి మీదే పడింది. రెండోది మెడ మీద. తర్వాతవి నేను లెక్కపెట్టలేదు, కళ్ళు మాత్రం మూయలేకపోయాను. కొడవలి ఎముకలో ఇరుక్కుంటే కాలుపెట్టి లాగాడు. లాగి, వాంతి చేసుకున్నాడు. రోడ్డు మధ్యలో వంగి, చిన్నపిల్లాడిలా. తర్వాత ఆ చొక్కాతోనే నడిచి స్టేషనుకు పోయాడు.

ఆ సాయంత్రమే వాళ్ళ మనుషులు వచ్చి తోట ఇంటికి నిప్పు పెట్టారు. నేను పెట్టించిన అద్దాలు పగిలే చప్పుడు గుట్ట దాకా వినిపించిందట. అమ్మడానికి మాకేమీ మిగల్లేదు. దానికి నేను ఏడవలేదు.

యావజ్జీవం పడింది. జైల్లో మొదటిసారి చూడ్డానికి నేనూ వదినా వెళ్ళాం. జాలీకి అవతల అన్న చిక్కిపోయి ఉన్నాడు. నన్ను చూసి "పన్ను బాగుందా?" అని అడిగాడు. వదిన చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆయన చేతులనే చూస్తూ నిలబడింది. అంతలో టైమైపోయిందని పోలీసు అరిచాడు.

బయటికొచ్చాక గేటు ముందు ఆగింది. "ఇన్నేండ్లు ఈయన్ను ఎవురు చంపుతారో అని అన్నం మానుకుని కూసుంటిని. ఈయనే చంపుతాడని ఒక్క దినం గూడా అనుకోలేదప్పా" అంది. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఆమె వెళ్ళి ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది.