తోడేళ్ళ మీద యాల్మర్ అభిప్రాయం

యాల్మర్‌కి లోకంలో ఒకే ఒక్క జబ్బుంది. ఎదుటివాళ్ళు ఏదంటే అది కాదనాలి. పెదవి కింద పొగాకు, పూటకో కెటిల్ కాఫీ, మధ్యాహ్నం కునుకు, ఇవన్నీ వయసుతో వచ్చి చేరినవి. ఇది మాత్రం పుట్టుకతో వచ్చింది. "అబ్బ, చలి చంపేస్తోంది" అంటే కోటు గుండీలు విప్పేవాడు. పెళ్ళిలో పాస్టరుగారు "ఈ మేర్తాని భార్యగా స్వీకరిస్తావా?" అని అడిగితే, చర్చినిండా జనం వింటుండగా "ఎందుకు స్వీకరించను?" అన్నాడు. పాస్టరుగారు మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే జవాబు. ఆయన విసిగిపోయి, దాన్నే ఒప్పుకోలు కింద జమకట్టి పెళ్ళి కానిచ్చేశారు.

ఈ మనిషిని భరించాల్సిన ఖర్మ అందరికంటే ఎక్కువగా గున్వోర్‌కి పట్టింది. ఆ వూరి వేటజట్టుకి ఆవిడే పెద్ద. జట్టంటే మరేం లేదు, ఎవరి అడవిముక్క వాళ్ళదే అయినా, సీజను రాగానే అన్నీ కలిపేసి అందరూ ఒక్కటిగా వేటాడతారు. అది గున్వోర్ వాళ్ళ నాన్న కుదిర్చిన పద్ధతి. యాల్మర్‌ని లొంగదీసే కిటుకు కూడా ఆయనే కూతురికి చెప్పి పోయాడు. చిత్తడినేల పక్కన కాపలాకి ఎవరూ వెళ్ళనంటే గున్వోర్ ఇలా మొదలెట్టేది:

"యాల్మర్, నువ్వు మాత్రం అటు వెళ్ళకు. నీ మోకాళ్ళు అసలే బాగాలేవు."

"నా మోకాళ్ళకేం? గుండ్రాళ్ళలా ఉన్నాయి!" అంటూ తుపాకీ భుజాన వేసుకుని ఊగుతూ పోయేవాడు. సాయంత్రానికి మోకాలిదాకా తడిసి తిరిగొచ్చేవాడు. "తడిశావా?" అంటే, "లేదు" అనేవాడు, బూట్లలోంచి నీళ్ళు పారబోస్తూ.

ఒకసారి పట్నం నుంచి ఒక పత్రికమ్మాయి వచ్చింది, తోడేళ్ళ వేట గురించి వేటగాళ్ళేమంటారో రాయాలని. పాపం, ఆ పిల్ల ఖర్మ కాలి, మొదట యాల్మర్ గుమ్మమే ఎక్కింది.

"తోడేళ్ళ వేట ఆపెయ్యాలంటారా?" అంది.

"ఎవరన్నారు? కాల్చాల్సిందే."

"అంటే అన్నిట్నీ కాల్చెయ్యాలంటారు."

"నీకేమైనా మతి పోయిందా? పాపం, అవేం చేశాయి?"

"పోనీ, ఎన్ని ఉంటే బాగుంటుంది? ఇప్పుడున్నన్నా?"

"అబ్బే."

"ఎక్కువా, తక్కువా?"

"నువ్వేమంటావ్?"

"నాకేం తెలుసండీ... కొంచెం తక్కువేమో."

"అయితే ఎక్కువే ఉండాలి."

ఆ వారం పత్రికలో వచ్చింది: ఆ ప్రాంతపు వేటగాళ్ళలో తీవ్రమైన భిన్నాభిప్రాయాలున్నాయట. ఆ పిల్ల మాట్లాడింది ఆ ఒక్కడితోనే.

ఆ ఏడు శరదృతువులో నవ్వులన్నీ పోయాయి. జట్టులో ఒకడైన బిర్గర్ గొర్రెల దొడ్డి మీద తోడేళ్ళు పడ్డాయి. తెల్లారి చూసుకుంటే మంచి మంచి గొర్రెలు పొట్టలు చీలి పడున్నాయి. బిర్గర్ మొరటు మనిషే గానీ, ఆ గొర్రెల్ని పేరు పెట్టి పిలిచేవాడు. పారపట్టుకుని వాటిని పూడుస్తూ ఏడ్చాడని వూళ్ళో అందరికీ తెలుసు. జనవరిలో వేటకి సర్కారు అనుమతి రాగానే ఆ తోడేళ్ళ మందని ఆసాంతం లేపెయ్యాల్సిందేనని అప్పుడే పట్టుబట్టాడు.

అడ్డుపడింది ఇంగెలా. ఆవిడా వేటగత్తే, గురి తప్పదు. చలికాలమంతా స్కీల మీద తిరిగి అడుగుజాడలు చూసి తోడేళ్ళని లెక్కగట్టేది ఆవిడే. "పెద్దజంటని కాల్చేస్తే పిల్లలు చెల్లాచెదురవుతాయి. వేట చేతకానివి ఎక్కడికి పోతాయి? సరాసరి నీ దొడ్లోకే వస్తాయి," అంది.

"తోడేళ్ళకి వత్తాసు పలుకుతున్నావా?" అన్నాడు బిర్గర్.

"దొడ్డికి సరైన కంచె వేసుకోవడం చేతకాదు గానీ!" అంది ఇంగెలా.

అంతే, మాటలాగిపోయాయి. చూస్తే ఇన్నేళ్ళూ ఇద్దరూ జోడు. కొత్తమంచు పడ్డ పొద్దున అడవికి చుట్టుకట్టేది వాళ్ళే. ఒకచోట బయల్దేరి ఒకరు ఎడమకి, ఒకరు కుడికి అడవిని చుట్టి అవతల కలుసుకోవడం, లోపలికెళ్ళిన జాడలెన్ని, బయటికొచ్చినవెన్ని అని సరిచూసుకోవడం. రెండోవాళ్ళ కన్ను మీద నమ్మకం లేకపోతే ఆ పని సాగదు. ఇప్పుడు కొట్లో ఎదురైతే ఒకరు పాల వరసలోకి, ఒకరు సబ్బుల వరసలోకి తప్పుకుంటున్నారు. పైగా వేటకి వెళ్ళకపోతే నా అడవి నేను తీసేసుకుంటానని బిర్గర్, వెళ్తే నాది నేను తీసేసుకుంటానని ఇంగెలా. బిర్గర్ అడవి నడిమధ్యన ఉంది, ఇంగెలాది దారి పక్కన. ఏది పోయినా జట్టు లేనట్టే. నాన్న నిలబెట్టింది తన చేతిలో కూలిపోతోందని గున్వోర్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు.

వేటగుడిసెలో మీటింగు పెట్టింది. ముద్దపప్పులా చిక్కగా బఠాణీ చారు కాచింది, కడుపు నిండితే కోపాలు తగ్గుతాయేమోనని. ఎక్కడ తగ్గుతాయి? బిర్గర్ తలుపు దగ్గర, ఇంగెలా కిటికీ దగ్గర, ఎడమొహం పెడమొహం.

"యాల్మర్, దయచేసి ఇవాళ నువ్వేం మాట్లాడకు," అంది గున్వోర్. అన్నాక నాలుక కరుచుకుంది.

యాల్మర్ చెంచా కింద పెట్టాడు. "ఎందుకు మాట్లాడను? అసలు ఈ గోలేంటి? మన అడవిలో తోడేళ్ళే లేవు."

చారు గిన్నెల మీంచి అందరి తలలూ లేచాయి.

"లేవా? మరి నా గొర్రెల్ని తిన్నదెవరయ్యా?" అన్నాడు బిర్గర్.

"కుక్క. నీదే అయ్యుంటుంది. ఈమధ్య బాగా ఒళ్ళు చేసింది."

ఇంగెలా ఫక్కున నవ్వింది. యాల్మర్ అటు తిరిగాడు. "నువ్వు నవ్వకు తల్లీ. చలికాలమంతా నువ్వు లెక్కపెట్టినవి కూడా దాని అడుగులే. అదొక్కటే గుండ్రంగా తిరుగుతోంది, దాని వెనక నువ్వు తిరుగుతున్నావు."

ఇంగెలా మొహం కందగడ్డయింది. "ఒళ్ళు గడ్డకట్టేలా తిరిగి నేను చూసింది కుక్కనా? బిర్గర్, విన్నావా ఈయన వాగుడు?"

శరదృతువు తరవాత ఆవిడ బిర్గర్‌తో అన్న మొదటి మాట అది.

"విన్నాను. నా కుక్క! నా గొర్రెల్ని!" బిర్గర్‌కి మాట తడబడింది. "ఇంగెలా, పొద్దున్నే బయల్దేరదాం. చుట్టుకట్టి, ఈ ముసలాడి ముక్కు తీసుకెళ్ళి ఆ జాడలోనే పెడదాం."

"ఎనిమిదింటికి వచ్చెయ్," అంది ఇంగెలా.

పొద్దున్నే ఒకరు ఎడమకి, ఒకరు కుడికి వెళ్ళారు. మంట దగ్గర గున్వోర్, యాల్మర్ కూర్చున్నారు. కాఫీ మరిగింది, మళ్ళీ మరిగింది, వాళ్ళ జాడ లేదు. అక్కడ ఎదురెదురు పడి మళ్ళీ కొట్టుకుంటున్నారేమోనని గున్వోర్ మాటిమాటికీ లేచి చూస్తోంది. చివరికి వచ్చారు, ఒకే జాడలో, ఒకరి వెనక ఒకరు, ఎడతెగకుండా మాట్లాడుకుంటూ.

"ఈయనకి అసలు కళ్ళున్నాయా అని!" అంటోంది ఇంగెలా.

"బుర్రే లేదు, కళ్ళెందుకు?" అంటున్నాడు బిర్గర్.

యాల్మర్‌ని చెరో రెక్కా పట్టుకుని తీసుకెళ్ళారు. మంచులో అరచెయ్యంత అడుగులు, ఒకదాని వెనక ఒకటి, తాడు పట్టినట్టు తిన్నగా. యాల్మర్ వంగి చాలాసేపు చూశాడు.

"కుక్కే," అన్నాడు.

బిర్గర్ టోపీ తీసి మంచులోకి విసిరికొట్టాడు. ఇంగెలా దాన్ని ఏరి, దులిపి, అతని నెత్తిన పెట్టింది.

ఆ సాయంత్రం గుడిసెలో జట్టంతా చేరాక తెలిసింది, ఆ అడవి చుట్టూ తిరిగేలోపే ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చేశారట. ఈ సీజనుకి ఆ మందని ముట్టుకోరు. వేటలో తోడేళ్ళని కట్టడి చెయ్యడానికి కట్టే గుడ్డపీలికల తాడుంది కదా, తోడేలు దాన్ని దాటడానికి జంకుతుంది, దాన్ని బిర్గర్ దొడ్డి చుట్టూ కడతారు. అయినా దాటి వచ్చిందా, అనుమతి అడిగి, తుపాకీ పట్టుకుని ముందు నిలబడేది ఇంగెలాయే.

"మాటేనా?" అన్నాడు బిర్గర్.

"మాటే," అంది ఇంగెలా.

"నేనొప్పుకోను!" అన్నాడు యాల్మర్.

దాంతో జట్టు మొత్తం చేతులెత్తి ఒప్పేసుకుంది.

పాత తాడుకి పీలికలు సగం ఊడిపోయాయి. మర్నాడు గున్వోర్ చింకిగుడ్డల కోసం మేర్తా దగ్గరికి వెళ్ళింది.

"ఇంకా కావాలా తల్లీ?" అంటూ మేర్తా వంటింటి మూల బుట్ట చూపించింది. చక్కగా చింపిన ఎర్రటి పీలికలు, అంచుదాకా. "మీ మీటింగుకి ముందు వారం నుంచీ మా ఆయన నన్ను కూర్చోబెట్టి చింపిస్తూనే ఉన్నాడు. నా మంచి దుప్పటి కూడా పోయింది. బిర్గర్ దొడ్డికి సరిపోవాలట."

గున్వోర్ బుట్ట చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. యాల్మర్ కట్టెలు కొడుతున్నాడు.

"తోడేళ్ళు లేవన్నావుగా?"

"లేవు."

"మరి ఈ పీలికలు?"

"కుక్కకి."

"వాళ్ళిద్దర్నీ కలపాలని ఆ తిట్లన్నీ కావాలనే నెత్తినేసుకున్నావు కదూ?"

"కాదు."

గున్వోర్‌కి నవ్వొచ్చింది. వాళ్ళ నాన్న కిటుకు తలుచుకుంది.

"అయితే సరే," అంది. "తోడేలు అడుక్కీ కుక్క అడుక్కీ తేడా తెలీని మొద్దువన్నమాట, అంతేనా?"

ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఆగింది. యాల్మర్ నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. దారి మీద బిర్గర్, ఇంగెలా తాడు చుట్టని చెరోవైపు పట్టుకుని, ఈయన్నే తిట్టుకుంటూ పోతున్నారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూశాడు.

"అవును," అన్నాడు యాల్మర్.