నాలుగు మిల్లీమీటర్ల కొసరు

నేను మూడున్నర లక్షలు పెట్టి కొన్న వాచీ ఆరువందల మీటర్ల లోతు నీళ్ళలో కూడా ఆగకుండా నడుస్తుంది. నాకు ఈత రాదు. గోదావరి స్నానానికి వెళ్ళినా మోకాళ్ళు తడిసే మెట్టు దాటి దిగను. అయినా కొన్నాను. అదీ ఊరికే కొనలేదు, నాలుగు లక్షల ఇరవై వేలు చెప్పిన వస్తువుని మూడున్నరకి దించి మరీ కొన్నాను. రాజమండ్రి గుడ్డల బజారులో ఇంత బేరం చేసిన మగాడు ఇంకొకడుంటే తీసుకురండి, కాఫీ ఇప్పిస్తాను.

ఇంత గొప్ప చెప్పుకున్నాక అసలు సంగతి దాచడం బాగుండదు. ఆ రోజు నాకు వాచీ కొనే ఉద్దేశమే లేదు. మా బావ కొనుక్కుంటానంటే బేరానికి తోడు వెళ్ళాను.

నన్ను అలా తోడు తీసుకెళ్ళడం మావాళ్ళకి అలవాటు. మాది తాతల నాటి గుడ్డల షాపు. పసితనంలో నా ఉయ్యాల తానుల బీరువాకే కట్టారట. చుట్టాల్లో ఎవరు ఫ్రిజ్ కొన్నా, సోఫా కొన్నా, పెళ్ళికి వంటవాళ్ళని మాట్లాడుకున్నా ముందు నాకు ఫోను వస్తుంది. నేను వెళ్ళి కూర్చుని, వస్తువుని పైకీ కిందకీ చూసి, ఒకసారి నిట్టూరిస్తే చాలు, అవతలివాడు సగం దిగివస్తాడని మావాళ్ళ నమ్మకం. షాపు మీద బోర్డు మా తాతగారిది. బేరగాడన్న ఈ పేరు ఒక్కటే నా సొంత సంపాదన.

బావంటే మా అక్క భర్త. నిడదవోలులో బియ్యం వ్యాపారం. మాట తక్కువ, మనిషి ఎక్కువ. ఆయన మణికట్టు నా చీలమండంత ఉంటుంది. చుట్టాల పెళ్ళికి ఇద్దరం హైదరాబాదు వెళ్ళినప్పుడు, అక్కడ ఒకసారి వాడిన ఖరీదైన వాచీలని కాగితాలతో సహా అమ్మే షాపుకి నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. లోపల చలి ఎంతంటే, ధర వినకముందే వణుకు పుట్టింది.

చేతికి నల్ల తొడుగులు వేసుకున్న సేల్స్ కుర్రాడు ముఖమల్ గుడ్డ పరిచిన పళ్ళెంలో రెండు వాచీలు పెట్టాడు. రెండూ ఒకే కంపెనీవి, రెండూ సముద్రంలో దిగేవాళ్ళ కోసం చేసినవి, రెండిటికీ ఒకే నీలం డయలు. ఒకటి నలభై మిల్లీమీటర్లు, రెండోది నలభై నాలుగు. అన్నదమ్ముల్లా ఉన్నాయి.

బావ చిన్నది పెట్టుకున్నాడు. చెయ్యి జేబులో పెట్టి తీశాడు. బస్తా ఎత్తుతున్నట్టు మణికట్టు వెనక్కి వంచాడు. చొక్కా చేతి బొత్తాం పెట్టుకుని, వాచీ దాని కింద దూరుతుందో లేదో చూశాడు. తర్వాత ఏమీ చెయ్యకుండా కాసేపు కూర్చున్నాడు. "బాగుంది. పెట్టుకున్నట్టు లేదు" అన్నాడు.

ధర మూడున్నర లక్షలన్నారు. బావ కార్డు తీశాడు.

"బావా, ఒక్క మాట అడగనీ" అన్నాను నేను మెల్లగా.

"ఎందుకులేవయ్యా. నువ్వు మొదలెడితే మనకి రైలు తప్పిపోద్ది."

వంటకి పిలిపించి, వచ్చాక 'భోజనాలు హోటల్నించి వస్తున్నాయండి' అంటే వంటమనిషికి ఎలా ఉంటుందో నాకు అలా ఉంది. చేతులు ఊరుకోలేదు. పళ్ళెంలో మిగిలిపోయిన పెద్దదాని ధర అడిగాను.

"నాలుగు ఇరవై సార్."

"దీనికంత ఎక్కువేంటండి?"

"సైజు పెద్దది సార్. లోతు కూడా డబుల్. ఇదిగో, ఎడమ పక్కన గ్యాసు పోయే వాల్వు ఉంది."

"ఏం గ్యాసు?"

సముద్రం అడుగున రోజుల తరబడి పనిచేసేవాళ్ళు పీల్చే గాలిలో హీలియం కలుపుతారనీ, అది వాచీలోకి దూరి, పైకి వచ్చేటప్పుడు అద్దాన్ని ఊడగొడుతుందనీ, అది మెల్లగా బయటికి పోవడానికే ఆ బుడిపె అనీ ఓపికగా చెప్పాడు.

"మా రాజమండ్రిలో ఆ గ్యాసు ఉండదండి. ఆ బుడిపె ధర తీసేసి చెప్పండి" అన్నాను.

కుర్రాడు నవ్వాడు. నవ్వినవాడు దిగుతాడు, అది నాకు తెలుసు. కానీ వెంటనే టేపు తీసి నా మణికట్టు కొలిచాడు. పదహారు సెంటీమీటర్లు.

"సార్, మీకు మంచి చెప్తున్నాను. చూడాల్సింది డయలు సైజు ఒక్కటే కాదు. బెల్టు తగిలించే ఈ పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా పొడవు చూసుకోవాలి. అది మీ చేతి వెడల్పు దాటి బయటికొచ్చేస్తుంది. ఎత్తు కూడా ఎక్కువే. ఇది మీకు నప్పదు సార్."

అక్కడ పడ్డాను గోతిలో. మా షాపులో, ఇక పైసా తగ్గించడం కుదరనప్పుడు మేము వాడే ఆఖరి మాట అదే. 'ఇది మీకు నప్పదులెండి.' ఆ మాట వింటే ఏ గిరాకీకైనా రోషం వచ్చి, చెప్పిన ధరకే కొనుక్కుపోతాడు. ముప్పై ఏళ్ళుగా నేను చల్లిన మందు నా మీదే చల్లుతున్నాడనుకున్నాను. కుర్రాడు నిజమే చెబుతున్నాడన్న అనుమానం నాకు కలగలేదు. అమ్మేవాడు నిజం చెప్పడం మా ఇంట్లో ఎప్పుడూ చూడలేదు మరి.

ఇక నేను తగ్గలేదు. అద్దం మీద లేని గీతలు చూపించాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. బావ రెండు టీలు తాగాడు. చివరికి కుర్రాడు చిన్నదాని ధరకే పెద్దది ఇచ్చాడు. నా లెక్క సూటిగా ఉంది. మీటరుకి పావు మీటరు కొసరు అడిగి తీసుకునే జాతి మాది. అదే మూడున్నరకి బావకి నలభై వస్తే నాకు నలభై నాలుగు వచ్చాయి. కొసరు నాలుగు మిల్లీమీటర్లు, పైగా డెబ్భై వేలు ఆదా. రైల్లో బావకి ఈ లెక్క రెండుసార్లు చెప్పాను. ఆయన వాచీ పెట్టుకున్న చెయ్యి తలకింద పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

నేను నా చెయ్యి తలకింద పెట్టుకుని చూశాను. ఎవరో ఇటుక పెట్టినట్టు ఉంది.

ఇంటికి వచ్చాక ఒక్కొక్కటే తెలిసొచ్చింది. గొలుసు నా చేతికి సరిపోవాలంటే చాలా లింకులు తీసేయాల్సి వచ్చింది. లింకులు తీసేసేసరికి కింద బరువు తగ్గిపోయి పైన తల బరువైంది. చెయ్యి దించితే వాచీ బయటికి ఒరుగుతుంది, ఎత్తితే లోపలికి ఒరుగుతుంది. తీసేసిన లింకులు చిన్న కవరులో పెట్టి గల్లా పెట్టెలో దాచాను. వాటికీ డబ్బిచ్చానుగా. చొక్కా చెయ్యి దాని మీదుగా దిగదు, ఎడమ చేతి బొత్తాం పెట్టుకోవడం మానేశాను. మధ్యాహ్నం ఎండకి మణికట్టు ఉబ్బితే గొలుసు బిగుసుకుపోతుంది, సాయంత్రానికి వదులై జారుతుంది. బావ వాచీకి కొక్కెం లోపలే కాస్త వదులూ బిగువూ చేసుకునే వీలుంది. నాదానికి కూడా ఉంది, కానీ అది ఈతగాళ్ళ రబ్బరు దుస్తుల మీద పెట్టుకోవడానికట. ఆ దుస్తులు మా షాపులో లేవు.

అన్నిటికంటే పెద్ద బాధ టైము తిప్పే కీ. చెయ్యి వెనక్కి వంచి గల్లా బల్ల మీద ఆనించినప్పుడల్లా ఆ కీ చేతి వెనక గుచ్చుకునేది. వారానికల్లా అక్కడ గుండ్రటి గుంట పడింది. సరే అని వాచీని కుడి చేతికి మార్చాను. కీ మోచేతి వైపు తిరిగింది, బాధ పోయింది. కానీ ఎడమ పక్కనుండే గ్యాసు బుడిపె ఇప్పుడు చేతి వైపు వచ్చింది. కుడి చేతికి కూడా గుంట పడింది. ఊళ్ళో లేని గ్యాసు కోసం నా చెయ్యి చిల్లు పడుతోంది.

మా ఆవిడ మధ్యాహ్నాలు షాపుకి వచ్చి చీరల కౌంటరు చూస్తుంది. ఒకరోజు నా రెండు చేతులూ పట్టుకుని చూసి, "వాచీ కొన్నారా, బేడీలు కొన్నారా అండీ?" అంది.

"అలవాటు కావాలే. కొత్త చెప్పులు కరవవా?"

"చెప్పులైతే సాగుతాయి. స్టీలు సాగదు కదండీ."

గొలుసు బదులు రబ్బరు బెల్టు అయితే తేలికన్నారని కంపెనీ బెల్టు తెప్పించాను, తొమ్మిదివేల అయిదు వందలు. అది పెట్టాక తల బరువు మరీ ఎక్కువై, వాచీ చేతి కిందకి తిరిగిపోయి వేలాడేది. టైము చూడాలంటే చెయ్యి చాచి అడుక్కునేవాడిలా తిప్పాలి. మళ్ళీ గొలుసే వేశాను.

తర్వాతది ఉప్పాడ చీర. పెళ్ళివారు వచ్చారు. మంచి జరీ పువ్వులున్న చీర తీసి, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న పద్ధతిలో ఒక్క విసురుతో పరిచాను. చీర పరుచుకుంది. దానితోపాటు నా చెయ్యి కూడా వెళ్ళింది. కొక్కెం అంచుకి జరీ దారం పట్టుకుని, కొంగు మధ్యలో జానెడు గీత లేచింది. పెళ్ళివారి పెద్దావిడ చీర వంక చూడలేదు, నా వాచీ వంక చూసి, "ఎంతండీ అది?" అని అడిగింది. వాళ్ళు పక్క షాపుకి వెళ్ళిపోయారు. ఆ చీర మా ఆవిడకి వెళ్ళింది. "ఈ గీతని కుచ్చిళ్ళలోకి దోపుతానులెండి" అంది. కొంగు కుచ్చిళ్ళలోకి ఎలా వెళుతుందో నేను అడగలేదు.

ఇక లాభం లేదు, వాచీని వదిలించుకోవాలి. కానీ ఎలా? తిరిగి అమ్మితే బజారుకి తెలుస్తుంది. 'బేరగాడు దెబ్బతిన్నాడు' అని ఒక్కసారి తెలిస్తే, ఇక సోఫా బేరానికి కూడా నన్నెవరూ పిలవరు. ఒకే దారి కనిపించింది. బావ చెయ్యి పెద్దది, నాది చిన్నది. వాచీలు మార్చుకోవడం. మార్చుకుంటున్నట్టు కాదు, నేను త్యాగం చేస్తున్నట్టు.

ఆదివారం నిడదవోలు వెళ్ళాం. అక్క గుడికి వెళ్ళింది. మా ఆవిడ వరండాలో ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది.

"బావా, నీ చెయ్యి చూస్తే నాకు బాధగా ఉంది. అంత చేతికి అంత చిన్న వాచీయా?" అన్నాను.

"మిల్లులో వాళ్ళూ అదే అంటున్నారు. అమ్మాయిగారి వాచీ పెట్టుకొచ్చారేంటండీ అని. నాకేం, హాయిగా ఉంది."

"నాది తీసుకో. మనలో మనకేంటి, తేడా ఇస్తే చాలు."

"తువ్వాలు తియ్యి అయితే" అన్నాడు బావ.

మా తాతగారు పశువుల సంతలో నేర్చుకొచ్చిన పద్ధతి ఇది. మా ఇంట్లో ఏ పెద్ద బేరమైనా ఇలాగే. ఇద్దరి కుడి చేతుల మీదా తువ్వాలు కప్పి, నోరు మెదపకుండా వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకోవాలి. ఆ రోజుకి ఒక వేలంటే పదివేలు, అరచెయ్యి మొత్తం పట్టుకుంటే యాభై. పక్కన ఎవరున్నా ధర తెలియదు. నాకు కావలసింది కూడా అదే.

వాచీ విప్పి అరుగు మీద పెట్టి, తువ్వాలు కింద బావ అరచెయ్యి పట్టుకున్నాను, తర్వాత రెండు వేళ్ళు. డెబ్భై వేలు. పెద్దదానికీ చిన్నదానికీ షాపువాడు చెప్పిన తేడా అదేగా.

బావ జవాబుగా నా వేళ్ళు పట్టుకోలేదు. ఆయన బొటనవేలు మెల్లగా నా చేతి వెనక్కి పాకింది. గ్యాసు బుడిపె చేసిన గుంట దగ్గర ఆగింది. దాన్ని ఒకసారి చుట్టూ తడిమింది. ఏం తెలియాలో అంతా ఆ వేలికి తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళ బేరాల్లో నా ముఖం ఎప్పుడూ నన్ను పట్టివ్వలేదు, చెయ్యి పట్టిచ్చింది.

"అటు కాదయ్యా" అన్నాడు బావ పైకే. "ఇటు."

అంటే తేడా నేనే ఇవ్వాలి. నా అరచెయ్యి పట్టుకున్నాడు, ఇంకో వేలు కలిపాడు. అరవై. నేను ఒక వేలు పట్టుకున్నాను. ఆయన బొటనవేలు మళ్ళీ గుంట మీదికి వెళ్ళి కూర్చుంది, నొక్కలేదు, అలా ఊరికే ఉంది. రెండు పట్టుకున్నాను. బావ ఆవులించాడు. మూడు. "నాకిది బాగానే ఉందయ్యా, ఉంచేసుకుంటా" అని చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం అంటే అదే. ఆయన రెండు టీలు తాగుతూ నా దగ్గరే నేర్చుకున్నాడు.

నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. బావ తువ్వాలు తీసేశాడు.

మా ఆవిడ చిక్కుళ్ళ మీంచి తల ఎత్తకుండానే, "ఎంతకి ఓడిపోయారండీ?" అంది.

"ఓడటమేంటి? మార్చుకున్నాం."

"ఇటు అన్నారుగా అన్నయ్యగారు."

ఇప్పుడు నా చేతికి నలభై మిల్లీమీటర్లది ఉంది. చొక్కా చెయ్యి దాని మీదుగా దిగుతుంది. గుంటలు రెండూ పూడిపోయాయి. బావ చేతికి పెద్దది చిన్నదానిలా కనిపిస్తుంది, ఆయన దాంతోనే బస్తాలు తూయిస్తాడు. రబ్బరు బెల్టు కొలత కలవక, కవరులోని లింకులతో సహా దాని వెనకే నిడదవోలు వెళ్ళిపోయింది. బజారులో ఇంతవరకు ఎవరికీ తెలియదు. ఇది చదివాక తెలుస్తుంది, తెలియనివ్వండి. లెక్క మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

వాచీ మూడు లక్షల యాభై వేలు. రబ్బరు బెల్టు తొమ్మిదివేల అయిదు వందలు. ఉప్పాడ చీర పన్నెండు వేలు, కొన్న ధరే వేశాను, అమ్మే ధర కాదు. బావకి నలభై వేలు. మొత్తం నాలుగు లక్షల పదకొండు వేల అయిదు వందలు. ఆ రోజు నోరు మూసుకుని బావలాగే చిన్నది కొనుక్కుంటే మూడున్నరతో పోయేది. అంటే కొసరుగా కొట్టుకొచ్చిన నాలుగు మిల్లీమీటర్లకి నేను కట్టింది అరవై ఒక్క వేల అయిదు వందలు. ఒక్కో మిల్లీమీటరు పదిహేను వేల మూడు వందల డెబ్భై అయిదు రూపాయలు. మా షాపు అలవాటు ప్రకారం మీటరు లెక్కన చెప్పాలంటే కోటీ యాభై మూడు లక్షల డెబ్భై అయిదు వేలు. అంత ఖరీదైన సరుకు మా మూడు తరాల్లో ఎవరూ కొనలేదు. కొన్న నా దగ్గరా లేదు, నిడదవోలులో ఉంది.