నాయన కేసుకు లాయరు కావాలా

మిల్లు నుంచి ఆ ఉత్తరం వచ్చినప్పుడు నాకు కోపం రావాల్సింది. నిజం చెప్పాలంటే ముందు వచ్చింది హుషారు.

తొంభైల చివరి సంవత్సరాలవి. హిందూపురంలో ఇంటర్ ముగించి, తెలుగు టైపు నేర్చుకుంటూ ఇంట్లో ఉన్నాను. నాయన ఊరి బయట ఒక నూలు మిల్లులో పదకొండేళ్లుగా పనిచేసేవాడు. పత్తి దువ్వే మిషన్ రోలర్లో పడి ఆయన కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. నష్టపరిహారం ఇప్పించమని అడిగితే మిల్లు వాళ్లు ఒక్క పేజీలో జవాబు పంపారు. సదరు వ్యక్తి మా కార్మికుడు కాడు, పని అడగడానికి లోపలికి వచ్చి తన తప్పు వల్లే గాయపడ్డాడు అని.

ఆ రెండు నెలలూ నాయన నొప్పికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఇప్పుడు కాగితం మీద అబద్ధం వచ్చింది. కాగితం మీదైతే నేనూ కొట్లాడగలను అనిపించింది. ఆ మధ్యాహ్నమే లేబర్ ఆఫీసుకు పోయి అడిగి వచ్చాను.

సాయంత్రానికి రొళ్ల నుంచి మా మామ, అంటే అమ్మ తమ్ముడు, దిగాడు.

"లాయరు లేకుంటే ఆడ నీ మాట ఎవురూ వినరు బావా," అన్నాడు నాయనతో. "పెనుకొండలో నాకు తెలిసిన లాయరు ఒకాయన ఉండాడు. రేపే పోదాం."

"లాయరంటే ఊరికే వస్తాడా? దుడ్లు యాడుండాయి?" అంది అమ్మ.

"ఆఫీసులో అడిగొచ్చినా మామా," అన్నాను నేను. "లాయరు లేకపోయినా అర్జీ తీసుకుంటారంట. మనమే పెట్టుకోవచ్చంట."

"తీసుకుంటారు లే. గెలిపిస్తారా?"

రాత్రి మూసేలోపు టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయి అర్జీ టైపు చేసుకున్నాను. పొద్దున్నే ప్యాసింజరెక్కి నాయనా, మామా, నేనూ పెనుకొండలో దిగాం.

లాయరుగారి గది కోర్టుకు ఎదురుగా మేడ మీద ఉంది. అరవై ఏళ్ల మనిషి. మిల్లు ఉత్తరం రెండుసార్లు చదివాడు. నేను టైపు చేసుకుని పోయిన అర్జీ కూడా చదివాడు. చదువుతూ ఒకసారి నా వైపు చూశాడు. తరువాత నాయన వైపు తిరిగి గొంతు మార్చి అడిగాడు.

"ఆ పొద్దు మిషన్ నిలిపి చెయ్యి పెట్టినావా?"

"నిలిపేది ఉండదు సార్. నిలిపితే మేస్త్రీ తిడతాడు."

"అంటే ఆడే మిషన్లో చెయ్యి పెట్టినావు. తప్పు నీదే కదా?"

నాయన నోరు తెరిచి మళ్లీ మూశాడు.

"చూసినావా పాపా," అన్నాడు లాయరు మామూలు గొంతుతో. "వాళ్ల లాయరు ఇట్లే అడుగుతాడు. అర్జీ బాగా రాసినావు, దానికి నేను అక్కర్లేదు. ఈ ప్రశ్నలకు అక్కర ఉంటాది."

"దానికి ఏం జవాబు చెప్పాల సార్?"

"జరిగింది చెప్పాల. మేస్త్రీ తిడతాడన్నది కూడా జరిగిందే కదా. అది చెప్పకుండా ఆగిపోతే తప్పు మీ నాయనదని రాసేస్తారు." అర్జీ నాకు తిరిగిచ్చాడు. "నన్ను పెట్టుకుంటే వస్తా. నా ఫీజు పోను మీకు మిగిలేది తగ్గుతాది, అది ముందే చెప్తాండా. పెట్టుకోకున్నా, మీ నాయన రాసిస్తే, అధికారి సరే అంటే నువ్వే మాట్లాడొచ్చు. ఎట్ల చేసినా ఒకటి మాత్రం కావాల. ఈ మనిషి ఆ మిల్లులో పనిచేసినాడని చెప్పే కాయితం. అది లేకుంటే నేనొచ్చినా ఏమీ చేయలేను."

తిరుగు రైల్లో మామ పడుకున్నాడు. నాయన కిటికీ దగ్గర నుంచి నా వైపు జరిగాడు.

"నువ్వు మాట్లాడతావా పాపా?"

"మాట్లాడతా నాయనా."

"భయం లేదా?"

"ఉండాది."

నాయన నవ్వాడు. వేళ్లు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. మా ఇంట్లో లాయరు సంగతి అక్కడే తేలిపోయింది.

ఇక కాయితం వేట. నాయనకు నియామకపు ఉత్తర్వు లేదు, గుర్తింపు కార్డు లేదు. శనివారం శనివారం మేస్త్రీ చేతికిచ్చే కూలికి రసీదు లేదు. ట్రంకు పెట్టె బోర్లించి వెతికాను. తోటి పనివాళ్ల ఇళ్లకు పోయాను. సాక్ష్యం చెబితే తమ పని పోతుందని మొహమాటంగా తలుపు దగ్గరే మాట్లాడి పంపేశారు. వాళ్లను తప్పుపట్టలేను. వారం తిరిగేసరికి నా హుషారు సగమైంది.

అప్పుడు బియ్యం ఏరుతూ అమ్మ అంది, "ఆ పొద్దు నేను ఆస్పత్రికి పొయ్యేసరికే చీటీ రాసి, కట్టు కట్టేసినారు. మీ నాయనకు తెలివి లేదు. మరి చీటీలో పేరూ వీధీ అన్నీ ఎవురు చెప్పినారంటావు?"

చెప్పులు వేసుకునేదాకా కూడా ఆగలేదు నేను.

ఆస్పత్రిలో మొదటి రోజు గుమాస్తా లేడు. రెండో రోజు అర్జీ లేనిదే చూపించనన్నాడు. మూడో రోజు అర్జీతో పోతే ప్రమాదాల రిజిస్టరు తీసి నా ముందు తిప్పాడు. నాయన పేరు, తాత పేరు, మా వీధి, మిల్లులో మిషన్ వల్ల గాయం, తీసుకొచ్చిన వారు మిల్లు సూపర్‌వైజరు, పక్కనే ఆయన సంతకం. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని పరుగెత్తాలనిపించింది. ముద్ర వేసిన నకలు చేతికి రావడానికి ఇంకో వారం పట్టింది.

లేబర్ ఆఫీసులో పెట్టిన అర్జీకి విచారణ ధర్మవరంలో. అనంతపురం నుంచి లేబర్ అధికారి అక్కడికి క్యాంపుకు వచ్చేవాడు. మొదటిసారి మిల్లు లాయరు వాయిదా అడిగి పోయాడు. రెండోసారి సూపర్‌వైజరును వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్న గది, నాలుగు కుర్చీలు. కిటికీలోంచి పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. నాయన తరఫున నేను మాట్లాడతానన్న కాగితం ఇస్తే అధికారి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, లాయరును పెట్టుకోలేదా?"

"లేదు సార్."

"సరే, కూర్చో."

మిల్లు లాయరు నాయనను ప్రశ్నించడం మొదలుపెట్టాడు. పెనుకొండలో విన్న ప్రశ్నే, ఇంచుమించు అదే మాటల్లో. నేను కుర్చీ అంచును పట్టుకున్నాను. నాయన ఈసారి ఆగలేదు.

"నిలిపితే తిడతారు సార్. పదకొండేండ్లలో ఎవురూ నిలిపింది లేదు. నిలపమని చెప్పినోళ్లూ లేరు."

అధికారి రాసుకున్నాడు. తరువాత సూపర్‌వైజరు, ఈ మనిషి మా దగ్గర పనిచేయలేదని చెప్పాడు. అధికారి నా వైపు చూసి, "అడిగేదుంటే అడుగమ్మా," అన్నాడు. లేచి నిలబడ్డాను. నా మాట వణకలేదు. అది నాకే ఆశ్చర్యం.

"మా నాయన మీకు తెలుసా సార్?"

"తెలీదు. ఆ పొద్దే చూసినా."

"ఆస్పత్రికి తీసుకుపోయింది మీరేనా?"

"నేనే. చూస్తా ఊరుకోలేక తీసుకుపోయినా."

"అప్పటికి మా నాయనకు తెలివుండిందా?"

"లేదు. మిషన్ దగ్గరే తెలివి తప్పింది."

ఆస్పత్రి నకలు అధికారి బల్ల మీద పెట్టాను. "ఇందులో మా నాయన పేరు ఉండాది, మా తాత పేరు ఉండాది, మా వీధి ఉండాది. కింద మీ సంతకం. ఆ పొద్దే చూసిన మనిషికి వాళ్ల నాయన పేరేందో మీకెట్ల తెలిసింది సార్?"

మిల్లు లాయరు లేచి ఏదో అనబోయాడు. "జవాబు చెప్పనీండి," అన్నాడు అధికారి.

సూపర్‌వైజరు నా వైపు చూడలేదు. నాయన ఒళ్లో ఉన్న చేతి వైపు చూశాడు.

"పనోళ్ల పుస్తకంలో ఉంటాది సార్, తండ్రి పేరు," అన్నాడు మెల్లగా. "ఆ పుస్తకం రాసేది నేనే. ఈయప్ప మొదటి నుంచీ నా షిఫ్టులోనే చేస్తాండాడు."

హిందూపురం బండిలో నాయనను ఆపలేకపోయాను. ఎదురు సీట్లో కూర్చున్న వాళ్లకు కథంతా చెప్పాడు. చెన్నేకొత్తపల్లి నుంచి వస్తున్న ఒక పెద్దాయన మధ్యలో ఎక్కితే ఆయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. నేను అడిగిన ప్రశ్న చెప్పేటప్పుడల్లా గొంతు నాలా సన్నగా చేసి చెప్పాడు. సిగ్గుతో తల వంచుకున్నాను గానీ, ప్రతిసారీ చెవులు అటే పెట్టాను.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. నాయన మిల్లు కార్మికుడేనని, మిల్లు పరిహారం చెల్లించాలని. మరునాడే అర కిలో మైసూరుపాకు, ఉత్తర్వు నకలు పట్టుకుని పెనుకొండ పోయాను. లాయరుగారు చివరిదాకా చదివి, మొదటి పేజీకి వెనక్కి వచ్చారు.

"ఇన్నాళ్లూ ఇవ్వకుండా ఆపినందుకు వడ్డీ అడగొచ్చు. నీ అర్జీలో ఆ మాటే లేదే పాపా."

మైసూరుపాకు పొట్లం చేతిలోనే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియనే తెలియదు.

"ఆ పొద్దు అర్జీ చదివి బాగుందన్నది నేనే," అన్నారాయన. "నా కంటికీ ఆనలేదు. వేరే అర్జీ పెట్టొచ్చు. కానీ దాంట్లో వాదించేది ఎక్కువ."

"అయితే ఈసారి మిమ్మల్నే పెట్టుకుంటాం సార్."

ఆయన నవ్వి పొట్లం అందుకున్నారు. ఫీజు మాటెత్తితే, మూలన గుడ్డ కప్పిన తెలుగు టైపు మిషన్ చూపించారు. టైపిస్టు మానేసి ఆరు వారాలైందట. ఆ వడ్డీ తేలడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ అడిగినంత రాలేదు. నేను మాత్రం ఆ గదిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. కనగానపల్లి నుంచో ధర్మవరం నుంచో చెయ్యికో కాలికో కట్టుతో మెట్లెక్కి వచ్చినవాళ్లు ముందు అడిగేది లాయరు కావాలా వద్దా అనే. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆ పాపనడుగు," అనేవారు. నేను కుర్చీ లాగి వాళ్లను కూర్చోబెట్టి, ముందు వాళ్ల కాయితాలు చూపించమనేదాన్ని.