తాయెత్తు కట్టిన బిడ్డకు పరలోకమా?

మా చిన్నప్పుడు... కోడి కూయకముందే మా జేజి, అంటే నాన్నమ్మ, మంచం దిగి, ఇంటి నడుమ మోకాళ్లూని, అందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి గట్టిగా ప్రార్థన చేసేది. నాన్న పేరు, అమ్మ పేరు, నా పేరు, పాలిచ్చే ఎనుము, ఎదురింటి ముసలాయన మోకాళ్ల నొప్పులు... అన్నీ వచ్చేవి. ఒక్క పేరు మాత్రం ఆమె నోట వచ్చేది కాదు.

సుగుణమ్మ.

ఆమె మా జేజికి సొంత ఆడబిడ్డ, జేజినాయన చెల్లెలు. మాది కడప పక్కన నాపరాళ్ల గనులున్న పల్లె. మా రెండిళ్ల మధ్య బండలు పాతిన గోడ ఒక్కటే అడ్డం. అవతల సుగుణమ్మ దగ్గితే ఇవతల మా జేజి ఉమ్మేది.

అంత పగలోనూ భక్తికి లోటు లేదు. ఎసట్లో బియ్యం పోసిన ప్రతిసారీ చర్చికని ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. ఆదివారం ఆ బియ్యం మూటకట్టుకుని పోయేవాళ్లం. సుగుణమ్మ ముందు చాప మీద ఉంటే మేము వెనక చాప మీద...

ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం మాత్రం, పాస్టరు అయ్యగారు రొట్టె చేతిలోకి తీసుకోగానే జేజి లేచి బయటికి వచ్చేసేది. వెనకాలే నేను.

"ఎందుకు జేజీ?" అని అడిగితే,

"కడుపులో ఇంత పగ పెట్టుకోని ఆ రొట్టె ఎట్ల మింగేది పాపా? పైన ఆయప్ప చూస్తాండడా?" అనేది.

ఆ పగ ఎందుకో అమ్మ చెప్పింది. నేను పుట్టకముందు సంగతి. జేజికి దయమ్మ అని ఆఖరి బిడ్డ. బతికి ఉంటే నాకు మేనత్త. ఏడేళ్లప్పుడు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చూపించారు, ఉపవాస ప్రార్థనలు చేశారు. తగ్గలేదు. ఎవరో చెబితే జేజి దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి బిడ్డ చేతికి కట్టింది. మూడో రోజు బిడ్డ పోయింది.

సమాధి మీద మన్ను ఇంకా తడిగానే ఉంది. అందరి ముందూ సుగుణమ్మ అన్నదట...

"దేవుణ్ణి నమ్మక తాయెత్తు కట్టినావు గదా వదినా. తాయెత్తు కట్టిన బిడ్డకు పరలోకమా? ఇంగ దాన్ని నువ్వు చూసేది ల్యా."

చచ్చిపోయాక దయమ్మను చూస్తానన్నదొక్కటే జేజికి మిగిలిన ఆశ. దాని మీద కొట్టింది ఆ మనిషి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు సుగుణమ్మ మనవరాలు కరుణ రెండు వారాలు బడికి రాలేదు. నోటుపుస్తకం ఇచ్చి రమ్మని టీచరు నన్ను పంపింది. వెళ్లేసరికి కరుణ జ్వరంతో మూలుగుతోంది. దుప్పటి కాస్త పక్కకు జరిగింది... చేతికి నల్లదారం, దానికి తాయెత్తు! సుగుణమ్మ గబుక్కున దుప్పటి లాగింది. అప్పటికే చూసేశాను.

ఒక్క పరుగున ఇంటికొచ్చాను. ఎంత సంతోషమో నాకు... ఒక పిల్ల జ్వరంతో పడి ఉందన్న జాలి కూడా లేదు.

"జేజీ, సుగుణమ్మ దొరికిపోయింది!"

బియ్యం చెరుగుతున్న జేజి చేతిలో చాట ఆగింది. అంతా విని లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. వీధిలో ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు చూడండి అన్నట్టు నేను జేజి కొంగు పట్టుకుని నడిచాను.

సుగుణమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఎగతాళి చెయ్యను వచ్చినావా వదినా? చెయ్యి. ఊరంతా పిలిచి చెప్పు."

జేజి ఆమెను తోసుకుని లోపలికి పోయింది. కరుణ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. దారం బిగుసుకుని పిల్ల చెయ్యి ఎర్రగా కమిలి ఉంది. జేజి ముడి విప్పింది. తీసి పారేస్తుందనుకున్నాను... కాస్త వదులుగా మళ్లీ కట్టింది.

"బిడ్డకు బిగువైతాండాది. కండ్లు కనపళ్లేదా నీకు?"

అప్పుడు సుగుణమ్మ వైపు తిరిగింది.

"ఈ బిడ్డకు ఏం కాదు. ఒకవేళ అయినా గూడా, దీనికి పరలోకం ల్యాదని నేను అనను. నీ మాదిరి నోరు కాదు నాది. నా దయమ్మ ఆడనే ఉండాది. నాకంటే నువ్వు ముందు పోతే, పోయి దాని కాళ్లు పట్టుకో."

బయటికి నడుస్తున్న జేజి వెనక సుగుణమ్మ గడప దాకా వచ్చింది. "వదినా..." అంది. జేజి వెనక్కి తిరగలేదు.

తర్వాత ఇద్దరూ కలిసిపోయారని రాయాలని నాకూ ఉంది. కలవలేదు. కరుణ కోలుకుంది. జేజి ఆ మనిషితో మళ్లీ మాట్లాడలేదు. కానీ ఆ నెల ప్రభువు బల్ల దగ్గరికి జేజి నడుచుకుంటూ పోయి రొట్టె తీసుకుంది. ముందు చాప మీద సుగుణమ్మ మాత్రం రొట్టెకు లేవకుండా, తల వంచుకుని అలాగే కూర్చుండిపోయింది.

"పగ పోయిందా జేజీ?" అని దారిలో అడిగాను.

"యాడ పోతాది? శానా ఉండాది." కొంత దూరం నడిచాక అంది... "భయం పోయింది పాపా. ఆయమ్మ అన్న ఆ మాట నిజమేమోనని ఇన్నేండ్లూ భయపడి బయటికొస్తాంటి."

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. సుగుణమ్మే ముందు పోయింది. ఆమె మీద నాకైతే ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు నేను కర్నూలులో ఉంటున్నాను. ఆదివారం ఫోన్‌లో దేవుని వాక్యం వింటూ కూరలు తరుగుతాను. ఎవరైనా పోతే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెడతాం, సాయంత్రానికి మరిచిపోతాం. పోయినవాళ్లు ఎక్కడున్నారని మా ఇంట్లో ఎవరూ పోట్లాడుకోరు... అసలు ఆ మాటే ఎత్తరు.

పోయిన బిడ్డ కోసం బతికున్నంత కాలం అలా పోట్లాడిన మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉండేవాళ్లా? ఉంటే ఆమె పేరు ఇక్కడ రాయండి... చదువుతాను.