కమలమ్మకు శాలువ

ఆ విశ్వవిద్యాలయం వార్తాపత్రిక నెలకోసారి అచ్చవుతుంది. అటెండరు కమలమ్మ మాత్రం రోజూ పొద్దున పదింటికల్లా వెలువడుతుంది. ఎడపల్లి బస్సు దిగి, కొంగు నడుముకు చెక్కి, టీ ఫ్లాస్కుతో గది గదికీ తిరుగుతూ, ఎవరికి ప్రమోషన్ వచ్చిందో, ఎవరి పరిశోధన పత్రం వెనక్కి వచ్చిందో కప్పుకొకటి చొప్పున పంచుతుంది. చక్కెర వద్దన్నవాళ్లకు వార్త కూడా సగమే చెబుతుంది.

ఉత్తమ ఉద్యోగుల సన్మానంలో శాలువల పళ్లెం పట్టుకుని వేదిక మీద నిలబడేది ఆమే. పంతొమ్మిదేళ్లుగా ఆ శాలువలన్నీ ఇతరుల భుజాలెక్కుతుంటే చూసి, తన పేరు మీద ఆశ ఎప్పుడో వదిలేసుకుంది. ఈ ఏడు రిజిస్ట్రారు మైకులో రెండో పేరు చదివాడు: "కమలమ్మ!"

వెళ్దామంటే చేతుల్లో పళ్లెం. దాన్ని అందుకోవడానికి వేదిక మీది పెద్దలెవరూ కుర్చీల్లోంచి కదల్లేదు. నేరుగా వెళ్లి పళ్లెం రిజిస్ట్రారు చేతుల్లో పెట్టేసింది.

"జర వట్టుండ్రి సారూ, గిప్పుడే అస్త."

హాలంతా చప్పట్లు. వైస్ చాన్సలర్ శాలువ కప్పాడు. ఫొటోగ్రాఫరు ఇటు చూడమని మొత్తుకుంటున్నా కమలమ్మ చూపు రిజిస్ట్రారు మీదే ఉంది.

"గట్ల వంచకుండ్రి సారూ! ఇంకా ముగ్గురియి ఉన్నయ్, కింద వడ్తయ్."