మాణిక్యం ఆడని పోటీ

మన గ్రూపులో అందరూ ఎలా ఉన్నారండి... మోకాళ్ళ నొప్పులని రాసిన అక్కయ్యగారికి కాస్త తగ్గిందా... కన్ను ఆపరేషన్ చేయించుకున్న తమ్ముడు చుక్కల మందు మానకుండా వేసుకుంటున్నాడా... చంటిపిల్లల తల్లులూ, ముసురు పట్టింది, నీళ్ళు కాచి చల్లార్చి పట్టండి. నా బీపీ మామూలే. ఇది రాస్తుంటే కాస్త పెరిగినట్టుంది.

మా చిన్నప్పుడు... తణుకు దగ్గర మా ఊళ్ళో, మిషన్ బడి వెనక ఇసక నేల. సాయంత్రం బెల్లు కొట్టగానే డ్రిల్లు మాస్టారు చెప్పుకాలితో గీత గీసేవారు. లంగాలు వెనక్కి తీసి నడుంలో దోపుకుని, అటు ఏడుగురం, ఇటు ఏడుగురం... చెడుగుడు. ఇప్పుడు కబడ్డీ అంటున్నారు.

మాణిక్యం మా పక్కింటి పిల్ల. ఊపిరి బిగబట్టి కూత పెడుతూ గీత దాటిందంటే ఇద్దరు ముగ్గుర్ని ముట్టుకుని గానీ తిరిగొచ్చేది కాదు. ఆ కూత చెరుకు తోటల దాకా వినబడేది. నేను పట్టు పట్టేదాన్ని. కూతకొచ్చినవాళ్ళ చీలమండ నా చేతికి చిక్కిందా, ఇక వదలను. నా మోచేతులు ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి.

కానీ చప్పట్లు ఎవరికి... కూతకెళ్ళినవాళ్ళకే. మాస్టారు దాన్ని "మా మాణిక్యం" అనేవారు. నన్ను "ఆ చివర పిల్లా" అనేవారు. ఏడాదంతా నా పేరు ఆయన నోటికి రాలేదు.

ఇప్పుడు టీవీలో చూస్తున్నాను కదా, అదే తంతు. కూతకెళ్ళే కుర్రాడు ఆయాసపడుతున్నా కోచ్ వాణ్ణే మళ్ళీ పంపుతాడు. కెమెరా వాడి మీదే. మూల కాపు కాసి కాలు పట్టినవాడు మోకాలు నిమురుకుంటూ లేస్తుంటే చూసేవాళ్ళుండరు. నా మట్టుకు నాకు, పట్టేవాళ్ళ పేర్లు ముందు నేర్చుకున్నవాడే కోచ్.

ఆ ఏడు తణుకులో బళ్ళ మధ్య చెడుగుడు పోటీలు పెట్టారు. ఏడుగురిలో నేనూ ఉన్నాను. అది చాలలేదు నాకు... మాస్టారు రోజూ ఒక ఉడికిన గుడ్డు తెచ్చి మాణిక్యానికి పెట్టేవారు, ఊపిరికి బలమని. అందరి ముందే తినేది. ఒకరోజు పచ్చసొన నాకిస్తానంది. ఇష్టం లేదన్నాను. గుడ్డంటే నాకు ప్రాణం.

పోటీలకి రెండు రోజుల ముందు మాణిక్యం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. రోటి దగ్గర పిండి రుబ్బుతోంది.

"పిన్నీ, మొన్నెక్కడో ఆటలో ఓ పిల్లకి మోచెయ్యి విరిగిందంట. వంకరగా అలాగే ఉండిపోయిందంట."

"ఎవరు చెప్పారే?"

"అందరూ అంటున్నారు పిన్నీ. రేపు ఆ పిల్లనెవరు చేసుకుంటారని... నాకు భయంగా ఉంది."

అన్నిటికీ భయపడే పిల్లనని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే పిన్ని నమ్మింది. ఆ పిల్ల ఎవరని కూడా అడగలేదు. భయం నిజమేనండి... విరిగిన చెయ్యి మాత్రం నేను కల్పించింది.

మాణిక్యం రెండు రోజులు అన్నం తినకుండా ఏడ్చింది. మాస్టారు వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చుని బతిమాలారు. పిన్ని తలుపు చాటు నుంచి "పంపనండి" అనడం తప్ప ఇంకో మాట అనలేదు.

తణుకులో మాణిక్యం బదులు నన్ను కూతకి పంపారు. గీత దాటి పది అడుగులు వేశానో లేదో, ఊపిరి చాలక కూత తెగిపోయింది. జనం నవ్వారు. మొదటి ఆటకే ఇంటికొచ్చేశాం. తిరుగు బస్సులో మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. తిట్టినా బాగుండేది...

ఆ తర్వాత మాణిక్యం మళ్ళీ గీత దాటలేదు. పిన్ని ఆటే మాన్పించేసింది. నేను ఏడో తరగతి తప్పి బడి మానేశాను.

ఇప్పుడు మాణిక్యం రాజమండ్రిలో కొడుకు దగ్గర ఉంటోంది. దాని మనవరాలు కాలేజీ జట్టులో కూతకెళ్తుంది. మాణిక్యం ఫోన్లో వీడియో పంపింది. మూడుసార్లు చూశాను. అచ్చం మాణిక్యం నడకే. కోచ్ ఆ పిల్ల భుజం తడుతున్నాడు... నా కడుపులో అప్పటి మంటే. నా మనవరాలేమో మేడ మెట్లెక్కడానికే ఆయాసపడుతుంది.

మొన్న మాణిక్యం ఫోన్ చేసింది.

"ఏమే, పిల్లకి కాలు బెణికింది. తగ్గింది, ఆడొచ్చన్నారు డాక్టరు గారు. రెండో శనివారం ఆట చూసే యూనివర్సిటీ జట్టుకి తీసుకుంటారంట. మావాడు వద్దంటున్నాడు గానీ నా మాట వింటాడు. పంపమంటావా? నువ్వైతే అందరి తరఫునా ముందే భయపడి పెడతావు కదే."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మళ్ళీ బెణుకుతుందేమో, ఎముక చిట్లుతుందేమో, జన్మంతా కుంటుతుందేమో... అన్నీ నాలుక చివరికొచ్చేశాయి. అందులో భయమెంత, కుళ్ళెంత... నాకే తెలియలేదండి. తెలియకే మింగేశాను.

"పంపవే," అన్నాను. "చీలమండకి పట్టీ బిగించి కట్టమను. వరసగా రెండుసార్లు కూతకి పంపొద్దని ఆ కోచ్‌కి చెప్పమను."

"కోచ్‌కే నేర్పుతావేంటే," అంది.

అసలు చెప్పవలసింది చెప్పడానికి మాత్రం ఫోన్లో నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ రాశాను. అది ఈ గ్రూపులోనే ఉంది, రోజూ చదువుతుంది... మాణిక్యం, ఎవరికీ చెయ్యి విరగలేదే. అలాంటి పిల్లే లేదు.

అప్పట్లో ఆడపిల్ల ఆట ఆగిపోవడానికి పక్కింటి పిల్ల మాట ఒకటి చాలిపోయేది. ఇప్పటి పిల్లలు బ్యాగు భుజాన వేసుకుని, తలెత్తి, జట్టుతో బస్సెక్కేస్తున్నారు. సంతోషమే... చూసి ఓర్చుకోలేకపోతున్నాను కూడా. మీ బళ్ళో చప్పట్లు ఎవరికి పడేవో మీరూ రాయండి. పడనివాళ్ళు తప్పకుండా రాయండి.

మాణిక్యం, ఆట రెండో శనివారం అన్నావు కదా. ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి సాయంత్రానికి మీ ఇంటికొస్తాను. ఇది చదివాక రావద్దనిపిస్తే ఫోన్ చెయ్యి, ఏమీ అనుకోను... చెయ్యకపోతే శుక్రవారం వస్తున్నాను.