పరంజ్యోతి టీచర్ కొన్న స్పీకర్లు

మొన్న బలిఘట్టం నుంచి ఆటోలో వస్తుంటే, డ్రైవరు పెట్టిన పాట చెవుల్లో గుండుసూదుల్లా దిగింది. పాటలో ‘స’ అక్షరం వచ్చిన ప్రతిచోటా, తాళం మోగిన ప్రతిసారీ పళ్ళు జివ్వుమన్నాయి. కాస్త తగ్గించమని అడగబోయాను. అద్దంలో ఆయన మొహం కనబడింది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, కళ్ళు సగం మూసి పాటతో పాటు తలాడిస్తున్నారు. ఆయనకు అది మృదువుగానే వినబడుతోందని అర్థమై ఊరుకున్నాను. నర్సీపట్నం చేరేదాకా పరంజ్యోతి టీచర్‌నే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆవిడ మాకు బళ్ళో సోషల్ చెప్పేవారు. చర్చిలో పాటలు పాడే బృందం, క్వయర్, నడిపేవారు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో రెండు గదుల వాటా, అందులో ఒక గది మొత్తం హార్మోనియానికీ క్యాసెట్లకీ పోయింది. తొంభైల్లో టేప్‌రికార్డరు మధ్యలో పెట్టి, చుట్టూ మనుషుల్ని నిలబెట్టి పాటలు రికార్డు చేసేవారు. గట్టి గొంతువాళ్ళని గుమ్మం దాకా వెనక్కి పంపేవారు. సన్నగొంతు వాళ్ళని ముందుకు లాగేవారు. గొంతులు సమంగా కలవడానికి ఆవిడ చేసే మిక్సింగ్ అదే. మాది బలిఘట్టంలో చెరకు వేసే కుటుంబం, చర్చితో సంబంధం లేదు. అయినా బడి అయిపోయాక ఆ గుమ్మం దగ్గర నిలబడి వినడం నాకు అలవాటైంది.

ఆవిడ రిటైరైన తర్వాత విశాఖపట్నంలో ఉన్న తమ్ముడు తన పాత కంప్యూటరు ఇచ్చాడు. అప్పటికి నేను నర్సీపట్నంలోనే ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. కబురు పెడితే వెళ్ళాను. హార్మోనియం విడిగా, ఆడవాళ్ళ గొంతులు విడిగా, మగవాళ్ళవి విడిగా, కంజీర విడిగా రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా కలుపుకోవచ్చని చూపించాను. ఆవిడ తెర మీదకు వంగి చూశారు.

“అయితే ఎవర్నీ గుమ్మం దాకా పంపక్కర్లేదన్నమాట,” అన్నారు.

ఆ ఏడాది క్వయర్ పాటలు ఆవిడే స్వయంగా కలిపి సీడీ చేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి స్పీకర్లలో వినిపించారు. మొదటి పాటకే ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. కంజీర బిళ్ళలు గాజుపెంకుల్లా చిట్లుతున్నాయి. గొంతుల్లో నుంచి ‘స’లూ ‘ష’లూ ఈలల్లా దూసుకొస్తున్నాయి. మైకు దగ్గరున్న కుర్రాడు ఏవో మీటలు తిప్పి సర్దాడు. టీచర్‌కు మాత్రం ఏం జరిగిందో తెలియలేదు. “ఏటయింది? బాగానే ఉంది కదా,” అని నన్ను అడిగారు.

కంప్యూటరుతో వచ్చిన ప్లాస్టిక్ స్పీకర్లదే తప్పని ఇద్దరం అనుకున్నాం. వాటిలో విని కలిపితే అలాగే ఉంటుంది మరి. పెద్ద ఖరీదువి కొనే స్తోమత ఆవిడకు లేదు. తక్కువలో, ఉన్నది ఉన్నట్టు వినిపించేవి ఏమైనా దొరుకుతాయేమోనని ఒక శనివారం విశాఖపట్నం బస్సెక్కాం. ఆ సీడీ ఆవిడ చేతిసంచీలో ఉంది.

కొట్టతను ముందుగా అందరూ కొనేదే చూపించాడు. కింద పెద్ద పెట్టె, పక్కన రెండు చిన్నవి. పాట పెట్టగానే కౌంటరు అదిరింది.

“మా పాటలో డ్రమ్ము లేదు బాబూ. ఆ దమ్ముదమ్ము ఎక్కడ్నించి ఒస్తంది?” అన్నారు టీచర్.

“అదే కదండీ దీని గొప్ప,” అన్నాడతను.

“లేంది ఇనిపిస్తే నాకెందుకు? ఉన్నది ఇనిపించేవి సెప్పు.”

అతను నవ్వి, పై అరలోంచి దుమ్ము పట్టిన రెండు చెక్కపెట్టెలు దించాడు. ఏ హంగూ లేనివి, ఎవరూ అడగనివి. వాటిలో హార్మోనియం హార్మోనియంలా వినబడింది. వెనక వరసలో ఎవరు శ్రుతి తప్పారో కూడా తెలిసింది. నాకు అవే నచ్చాయి. టీచర్ మాత్రం మొహం చిట్లించారు.

“గొంతులు బాగున్నాయి. కంజీరే ఇనబడట్లేదు.”

“గట్టిగానే వినబడుతోంది టీచర్,” అన్నాను. కొట్టతను సన్న చప్పుళ్ళను పెంచే ట్రెబుల్ మీట తిప్పాడు. ఆవిడ ఇంకా పెంచమన్నారు. పక్కన బల్బులు కొంటున్న మనిషి చటుక్కున ఇటు తిరిగి చూశాడు. ఆవిడ ఆ మనిషిని చూశారు, నా మొహం చూశారు. మీటను మళ్ళీ మొదటి చోటికి తిప్పించారు.

“లక్ష్మీ, మళ్ళీ పెట్టిస్తాను. కంజీర మోగినప్పుడల్లా వేలెత్తు.”

పాట మొదలైంది. నేను వేలెత్తుతున్నాను, దించుతున్నాను. ఆవిడ నా వేలి వంకే చూస్తున్నారు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ పాటకు తాళం వేసిన మనిషి, అది ఎప్పుడు మోగుతుందో నన్ను చూసి తెలుసుకుంటున్నారు. పాట అయిపోయాక కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

“ఇవే ఇచ్చీ బాబూ,” అన్నారు.

తిరుగు బస్సులో ఆవిడ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.  అనకాపల్లి దాటాక అన్నారు.

“బయల్దేరింది నాకోసం. కొన్నది నీకోసం అయింది. రేపట్నించి నువ్వు కూకో ఆ కంప్యూటరు ముందు కుర్చీలో.”

“నాకు సంగీతం రాదు టీచర్.”

“అది నాకొచ్చు. నీకు సెవులున్నాయి. సాలదా?”

తరవాతి ఆదివారం ఆవిడ క్వయర్ ముందు నిలబడి, ఏ సంకోచమూ లేకుండా చెప్పారు. “సన్న సప్పుళ్ళు నాకు ఇనబడ్డం లేదు. ఎప్పట్నించో తెలీదు. పోయినసారి మీ సెవులు పోటెత్తింది నా మూలానే. ఇకమీదట లక్ష్మి ఇంటాది.” చర్చి పెద్దాయన ఒకరు మెల్లగా, ఆ అమ్మాయి మన సంఘం కాదు కదా అన్నారు. “సెవులకి సంఘమేటండీ?” అన్నారావిడ. 

ఆ స్పీకర్లను మొదట గోడమూల పెట్టాం. హార్మోనియం మోత ఉబ్బిపోయి గొంతుల్ని మింగేసింది. గోడకు దూరంగా రెండు స్టూళ్ళ మీదకు, కూర్చున్న మనిషి చెవుల ఎత్తుకు తెచ్చాక అన్నీ విడివిడిగా తేలాయి. మధ్యాహ్నాలు నేను కుర్చీలో, ఆవిడ వెనక మంచం మీద. శ్రుతి ఎక్కడ జారినా నాకంటే ముందు ఆవిడే పట్టేవారు. సన్న చప్పుళ్ళు నా వంతు. వెనక వరసలో ఒక ముసలాయన గొంతు వణికేది. నేను దాన్ని పూర్తిగా తీసేస్తే, “ఆయన ఏడీ?” అన్నారు వెంటనే. తిరిగి పెట్టాను, అందరి కింద, నెమ్మదిగా. క్రిస్మస్‌కు ఆ సీడీ వినిపించినప్పుడు ఎవరూ మీటల జోలికి వెళ్ళలేదు. పాటలు నడుస్తున్నంతసేపూ ఆవిడ పిల్లల మొహాలే చూస్తూ కూర్చున్నారు.

తర్వాత కొన్నేళ్ళకు ఆవిడకు మాటలు కూడా సరిగ్గా వినబడకుండా పోయాయి. నేను దగ్గరగా కూర్చుని నిదానంగా చెప్పేదాన్ని. ఆవిడ పోయి చాలాకాలమైంది. నేనిప్పుడు ఇంట్లోనే చిన్న చిన్న బృందాలకు పాటలు కలిపిపెడుతున్నాను. నాకూ వయసు మీద పడుతోంది. పని అయిపోయిందనుకున్నాక ఎవరో ఒకర్ని పిలిచి కూర్చోబెడతాను. ఎలా ఉందని అడగను, ఏం వినబడుతోందని అడుగుతాను. వాళ్ళు చెవిలో గుచ్చుకుంటోందన్న చప్పుడు నాకు వినబడకపోతే పాటను వెనక్కి తిప్పి మళ్ళీ వింటాను. కొన్నిసార్లు అప్పటికీ వినబడదు. అప్పుడు వాళ్ళ మాట మీదే దాన్ని తగ్గిస్తాను.